ముందు కోర్టు, తరువాత వేదిక

ఉన్నత పాఠశాలల వాలీబాల్ పోటీలకు స్థలం నిర్ణయించేటప్పుడు నిర్వాహకులు ముందుగా అతిథుల వేదిక, షామియానా ఎక్కడ అని విచారిస్తారు. కోర్టు సంగతి తరువాత. ఇది తలక్రిందుల వ్యవహారం. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటే చాలదు. చుట్టూ కనీసం 3 మీటర్లు, పైన 7 మీటర్లు నిరాటంకంగా ఉండవలెనని నియమం. వేపకొమ్మ బంతిని అడ్డగిస్తే రెఫరీ మాత్రం ఏమి చేయగలడు? ఆరుబయట కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. లేకుంటే సాయంకాలపు ఎండ ఒక జట్టు కళ్లలోనే పడుతుంది.

అన్నిటికన్న ముఖ్యం బాలికల సౌకర్యం. దుస్తులు మార్చుకొనే గది, గడియపడే మరుగుదొడ్డి, మంచినీరు లేని చోటికి ఏ తల్లి కూతురిని పంపుతుంది? మన ఇండ్లలో ఆ అనుమతి ఎంత కష్టంగా లభిస్తుందో చెప్పనక్కరలేదు. ఒక్క చేదు అనుభవం చాలు, అది మళ్లీ దొరకదు. కనుక కమిటీవారు స్థలం ఖాయం చేసే ముందు ఆ గది తలుపు స్వయంగా తీసి చూడవలె. వేదిక మిగిలిన చోట వేసుకోవచ్చును.