కలప దిగుబడి – నీటి లెక్క

ప్రతి ఏట వానలు మొదలుకాగానే మన విద్యాలయాలలో వనమహోత్సవము జరుగుతున్నది. 1950లో నాటి కేంద్ర మంత్రి కె. ఎం. మున్షీ ప్రారంభించిన ఈ ఉత్సవము కొనియాడదగినదే. అయితే ఎన్ని మొక్కలు నాటినామో ప్రకటించుకొనుటలో మనకున్న ఉత్సాహము, అవి ఏ నేలలో, ఏ నీటితో మానులు కాగలవో యోచించుటలో కనిపించదు. చెట్టు పేరును బట్టి కాక, దాని వేరు దిగిన నేలను బట్టియే దిగుబడి ఉంటుందని విద్యార్థి మిత్రులకు, కళాశాల పాలకవర్గము వారికి విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

భూగోళశాస్త్రములో మనము చదువుకొనే శృంగాకార వృక్షాలనే ముందుగా చూద్దాము. బ్రిటనులో 1919లో అటవీ కమిషన్ ఏర్పడిన పిదప, ఉత్తర అమెరికా పడమటి తీరానికి చెందిన సిట్కా స్ప్రూస్ చెట్టును విస్తారముగా నాటినారు. హెక్టారుకు సాలీన ఎన్ని ఘనమీటర్ల కలప పెరుగునన్న లెక్కతో అక్కడ తోట యోగ్యతను కొలుస్తారు. తేమగల మంచి నేలలో వేగముగా పెరిగే ఆ చెట్టే, నత్రజని కొరవడిన పొదల బీడులో ఏండ్ల తరబడి గిడసబారి నిలిచిపోయినది. వానకు లోటు లేకున్నను, నేలలో ఒక్క పోషకము లోపించుటచే ఫలితము తారుమారైనది.

అక్కడి కొరత నత్రజనిది. మన సీమలో కొరత నీటిది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతము సాలీన సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు ఈ కరవు సీమలోనివే. ఇచ్చట కలప పెంపకమంటే నీటి పొదుపును గూర్చిన ప్రశ్నయే.

ఈ ప్రశ్నకు జవాబు మన పొరుగుననే ఉన్నది. హిందూపురానికి దక్షిణముగా, రాష్ట్ర సరిహద్దుకు ఆవల ఉన్న నందికొండపై టిప్పు సుల్తాన్ 1790 ప్రాంతములో తన తోటలో యూకలిప్టస్ జాతులను నాటించినాడు. మనవారు నీలగిరి చెట్టు అని పిలిచేది దీనినే. అచ్చట నిలదొక్కుకొన్న జాతి ‘మైసూరు గమ్’ అను పేర దేశమంతటా వ్యాపించినది. 1980 దశకములో కోలారు రైతులెందరో రాగి పొలాలలో సైతము దీనిని నాటినారు. కూలి ఖర్చు తక్కువ, మేకలు ముట్టవు, కొయ్యకు కొనుగోలుదారులున్నారు. రైతును తప్పుపట్టలేము.

తరువాత బెంగుళూరు చెంతనున్న హోసకోటలో శాస్త్రజ్ఞులు పరిశోధించినారు. మూడేండ్లలో కురిసిన వాన సుమారు 2100 మిల్లీమీటర్లు కాగా, నీలగిరి తోట వినియోగించిన నీరు సుమారు 3400 మిల్లీమీటర్లని 1997లో ప్రకటించిన లెక్క. ఎనిమిది మీటర్లకు మించిన లోతుగల ఆ నేలలో, పూర్వపు వానలు దాచిపెట్టిన తేమను వేరులు తోడుకొన్నవి. అనగా అచ్చటి ఏపుగల పెరుగుదల ఆ ఏటి ఆదాయము కాదు; తాతల నాటి నిలువను ఖర్చు పెట్టుట. నిలువ తరిగిన పిదప ఆ దిగుబడి ఎక్కడిది? 2017లో కర్ణాటక ప్రభుత్వము కొత్తగా నీలగిరి నాటుటను నిషేధించినది.

అయినను చెట్టునే దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. అదే పరిశోధనలో, సుమారు మూడు మీటర్ల లోతు నేలలోని నీలగిరి, సహజమైన అడవికన్న అధికముగా నీరు వాడలేదని తేలినది. చెట్టు స్వభావము మారలేదు. దానికి మనము చూపిన చోటు మారినది. ఎంపికలో పొరపాటు మనదే.

కావున మనము మన నేలనే అడగవలెను. పెనుకొండ కొండవాలులలో మట్టి పలుచన. అచ్చట సీతాఫలము, వేప వంటివి తగును, కలప ఆశించరాదు. ధర్మవరము వంటి చోట్ల చెరువు గట్ల క్రింది తేమగల భూములు కానుగకు అనుకూలము. హిందూపురం చింతపండు మార్కెట్టు పేరుపొందినది. ఆ చింత తోపులను నాటిన పెద్దలు ఘనమీటర్లు లెక్కించలేదు గాని, నీడను, పండును, కొయ్యను తరతరాలకు ఇచ్చినారు.

పాలకవర్గము వారికి నా మనవి ఒక్కటే. ఇకపై వార్షిక నివేదికలో నాటిన మొక్కల సంఖ్యను ప్రకటింపవద్దు. మూడు వేసవులు దాటి బ్రతికిన చెట్ల సంఖ్యను మాత్రమే ప్రకటింపుడు. నాటే ముందు గొయ్యి త్రవ్వి నేల లోతు చూడుడు. వంద మొక్కలకు బదులు పదింటిని నాటి, రెండు వేసవులు నీరు పోయుటకు తరగతివారీగా విద్యార్థులను నియమింపుడు. ఆ సంఖ్య చిన్నదైనను అది సత్యమైన సంఖ్య. మిత్రులారా, మీరు పట్టా పుచ్చుకొని వెళ్ళే నాటికి మీ చేతి చెట్టు క్రింద నిలబడి ఫోటో తీయించుకొనగలిగితే, అదియే నిజమైన వనమహోత్సవము.