డాంక్వా ఓడిన కేసు

ఘనా దేశపు కరెన్సీ నోట్ల మీద ఆరుగురు స్వాతంత్ర్యోద్యమ నేతల బొమ్మలుంటాయి. వారిలో క్వామే ఎన్‌క్రుమా ఒకరు, జె.బి. డాంక్వా ఇంకొకరు. మొదటాయన ప్రభుత్వం రెండో ఆయన్ను విచారణ లేకుండా జైల్లో పెట్టింది. ఆయన అక్కడే పోయారు. నోటు మీద మాత్రం ఇద్దరూ ఒక్క జట్టే.

డాంక్వాకు జనం నాడి పట్టడం రాలేదు, ఒప్పుకోవాల్సిందే. అకిమ్ అబువాక్వా రాజకుటుంబీకుడు, లండన్‌లో 1927లో తత్వశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న బారిస్టరు. అకాన్ ప్రజల చట్టాల మీద, దైవభావన మీద పుస్తకాలు రాశారు. 1947లో సాల్ట్‌పాండ్‌లో యునైటెడ్ గోల్డ్‌కోస్ట్ కన్వెన్షన్ అనే పార్టీ పెట్టి, కార్యదర్శిగా ఎన్‌క్రుమాను విదేశం నుంచి పిలిపించుకున్నది ఆయన బృందమే. రెండేళ్లు తిరక్కుండానే ఎన్‌క్రుమా వేరు కుంపటి పెట్టారు. స్వపరిపాలన వీలైనంత త్వరలో కావాలని వీళ్లు, ఇప్పుడే కావాలని ఆయన. జనం ఎటు మొగ్గుతారో వేరే చెప్పాలా? 1954 ఎన్నికల్లో డాంక్వా ఎన్‌క్రుమా పార్టీ తరఫున నిలబడ్డ సొంత బంధువు చేతిలోనే ఓడారు. 1960 అధ్యక్ష ఎన్నికల్లో 11 శాతం ఓట్లు కూడా రాలేదు. ఆ తీర్పుల్లో నాకు తప్పేమీ కనిపించదు.

నన్ను ఆపేది 1961 నాటి అకోటో కేసు. 1958లో వచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం కింద ప్రభుత్వం ఎవరినైనా విచారణ లేకుండా ఐదేళ్లు ఉంచవచ్చు. అలా పట్టుకెళ్లిన ఎనిమిది మంది తరఫున డాంక్వా సుప్రీంకోర్టులో నిలబడ్డారు. పదవి చేపట్టేటప్పుడు అధ్యక్షుడు పౌరుల స్వేచ్ఛ కాపాడతానని రాజ్యాంగం ప్రకారం ప్రకటిస్తాడు కదా, దానికి విరుద్ధమైన చట్టం చెల్లదన్నది ఆయన వాదన. అది నైతిక బాధ్యతే తప్ప కోర్టులు అమలు చేయించేది కాదు, అధ్యక్షుడు మాట తప్పితే జనం ఓటుతో చెప్పుకోవాలి అన్నది ప్రధాన న్యాయమూర్తి కోర్సా ధర్మాసనం.

తీర్పు ఆగస్టులో వచ్చింది. అక్టోబర్‌లో డాంక్వానే అదే చట్టం కింద లోపలేశారు. 1962లో వదిలి, 1964 జనవరిలో మళ్లీ పట్టుకెళ్లారు. సరిగ్గా ఆ నెలాఖరులో ఏకపార్టీ పాలన మీద రెఫరెండం జరిగింది. అధికారిక లెక్క ప్రకారం 99.9 శాతం సమ్మతి! కోర్టు చూపించిన ఓటుపెట్టెకు మూడేళ్లు నిండకముందే తాళం పడింది.

న్సావామ్ జైల్లో ఆయనకు మంచం లేదు, సిమెంటు నేల మీదే పడక. అక్కడి నుంచే ఎన్‌క్రుమాకు వినతిపత్రాలు రాశారు, వకీలు పద్ధతిలో. 1965 ఫిబ్రవరి 4న, 69 ఏళ్ల వయసులో చనిపోయారు.

మనకూ ముందస్తు నిర్బంధం కొత్త కాదు. 1950లోనే ఆ పేరుతో చట్టం చేసుకున్నాం. 1976లో, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధితుడికి కోర్టు గుమ్మం తొక్కే హక్కే లేదని మన సుప్రీంకోర్టూ అంది, జస్టిస్ ఖన్నా ఒక్కరు తప్ప. 1977లో మన ఓటుపెట్టె తెరుచుకుంది కాబట్టి గట్టెక్కాం. ఘనాలో అది తెరుచుకోలేదు. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమాను దించింది సైన్యం. వచ్చీరాగానే నిర్బంధితులను వదిలేసింది. ఆ వెంటనే ‘రక్షణ కస్టడీ’ అని పేరు పెట్టి ఎన్‌క్రుమా మనుషులను విచారణ లేకుండా అవే జైళ్లలోకి పంపింది.