రాసుకున్నది చాలు, ఇక వినిపిద్దాం

మనలో కథలు రాసుకునేవాళ్ళు మనం అనుకునే దానికంటే చాలామందే ఉన్నారు. బయటపెట్టేవాళ్ళే తక్కువ. చీటీపద్దుల పుస్తకం వెనక పేజీల్లో, పిల్లల పాత నోట్సుల్లో, ఇప్పుడైతే ఫోనులో రాసి దాచుకుంటాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే దాచుకున్నాను. సంఘం పని మీద ఊళ్ళు తిరిగి వచ్చి, ఇంటి చాకిరీ ముగించి, అందరూ పడుకున్నాక రాసింది బీరువాలో చీరల కింద పెట్టేదాన్ని.

ఎందుకు దాచుకుంటాం? బాగా రాయలేమన్న జంకు కొంత. అసలు భయం వేరు. మగవాడు రాస్తే కల్పన అంటారు. ఆడది రాస్తే 'ఇది నీ సంగతేనా? ఆ మొగుడు మీ ఆయనేనా?' అని ఆరా తీస్తారు. కథలో అత్త కసిరితే ఇంట్లో అత్తగారికి సంజాయిషీ చెప్పుకోవాలి. 1960, 70లలో రచయిత్రుల నవలలకు గిరాకీ ఉన్నప్పుడు కొందరు మగ రచయితలు ఆడపేర్లతో నవలలు అచ్చు వేయించుకున్నారు. ఆడపేరు వాళ్ళకి లాభం తెచ్చింది. మనకి మాత్రం నిఘా తెచ్చిపెడుతోంది.

ఇది ఈనాటి సంగతి కాదు. బెంగాల్లో రాససుందరీ దేవి వంటింట్లో దొంగచాటుగా చదవడం నేర్చుకుంది. ఆమె ఆత్మకథ 1876లో వెలువడింది. మన భండారు అచ్చమాంబ (1874-1905) తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువు నేర్చుకుంది. 1902లో ఆమె 'ధనత్రయోదశి' కథ 'హిందూ సుందరి' పత్రికలో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. అయినా తొలి తెలుగు కథ ఏదంటే దశాబ్దాల పాటు 'దిద్దుబాటు' పేరే చెప్పారు. అచ్చయిన కథకే ఈ గతి పడితే, చీరల కింద ఉన్న కథని వెతుక్కుంటూ చరిత్ర వస్తుందా?

ఆ మధ్య తునిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తొమ్మిదిమంది ఆడవాళ్ళ ముందు మొదటిసారి నా కథ చదివాను. మొగుణ్ణి వదిలి పుట్టింటికి బయల్దేరిన పిల్ల కథ అది. బాగుందనో బాగాలేదనో ఎవరూ అనలేదు. తమలపాకు తోటలో కూలికెళ్ళే ఒకామె 'అన్నదమ్ములు ఎన్నాళ్ళు కూడు పెడతారమ్మా?' అంది. దాంతో మాట ఆస్తి మీదికి మళ్ళింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇస్తూ 1986లో మన రాష్ట్రంలోనూ, 2005లో దేశమంతటా చట్టాలు మారాయి. శిక్షణా తరగతుల్లో ఈ మాట చాలాసార్లు చెప్పాం. ఆ రోజు మాత్రం ఆ వాటా అడిగితే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయాన్ని ఒక్కొక్కరే బయటికి చెప్పారు. చట్టం హక్కు ఇస్తుంది. ఆ హక్కు అడగడానికి అడ్డుపడేదేమిటో చెప్పుకోవడానికి కథ చోటిస్తుంది.

అయితే మనమీద ఒక బాధ్యత ఉంది. మన దగ్గరికి కష్టం చెప్పుకోడానికి వచ్చిన స్త్రీ బతుకు మన కథకి ముడిసరుకు కాదు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు, పని, పిల్లల సంఖ్య చూసి ఇరుగుపొరుగు ఇట్టే పోల్చుకుంటారు. ఆమెకి చదివి వినిపించాలి. వద్దంటే ఆపేయాలి. మన గురించి మనం తెగించవచ్చు గానీ, ఆమె తరఫున తెగించే హక్కు మనకి లేదు.

ఎలా మొదలుపెట్టడం? ముందు నమ్మకమున్న ఒక్క స్నేహితురాలికి చదవండి. తర్వాత సంఘం సమావేశంలో అరగంట అడిగి తీసుకోండి. రాయడం రానివాళ్ళు చెబితే పక్కనున్నవాళ్ళు రాసిపెట్టండి, కానీ పేరు మాత్రం చెప్పినామెదే ఉండాలి. కలం పేరు పెట్టుకోవడం పిరికితనం కాదు. ఇంట్లో దెబ్బలు తినే మనిషికి అది రక్షణ. మాకు పంపే కథలకి కలం పేరు అడిగితే అసలు పేరు, చిరునామా ఎవరికీ చెప్పం. తప్పులున్నాయని ఏ కథనీ తిప్పి పంపం. కూర్చుని కలిసి దిద్దుకుందాం.

వచ్చే సంచిక నుంచి నాలుగు పేజీలు కథలకే కేటాయిస్తున్నాం. మొదట నా కథ వేస్తున్నాను. ఆ తర్వాతి పేజీలు మీవి.