నేర్చుకునే రోజు కూలి

తాండూరు నాపరాయి పనిలో చేయి తిరిగినవాళ్లు బండను సుత్తితో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. బొంగురుగా పలికితే లోపలెక్కడో పగులుందన్నమాట. కటింగ్ మిషన్లు, పాలిష్ మిషన్లు వచ్చాక ఉలి పని చాలావరకు తగ్గింది గానీ, చెవి పని మాత్రం పోలేదు. పగులున్న బండను మిషన్‌కెక్కిస్తే బండా పోతుంది, ఒక్కోసారి బ్లేడూ పోతుంది.

కొత్త మిషన్ దిగిన రోజున ఏం జరుగుతుంది? అమ్మినవాళ్ల తరఫు మనిషి ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఒక పూటలో చూపించి రైలెక్కేస్తాడు. వెంట వచ్చిన పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది. తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసి వినిపించే తాండూరులో దాన్ని విప్పేదెవరు? బ్లేడు మీద నీళ్లెందుకు పడాలో కూడా సరిగ్గా చెప్పరు. వేడెక్కకుండా అనుకుంటారు, నిజమే. కానీ దుమ్మును అణచి ఊపిరితిత్తులను కాపాడేదీ ఆ నీళ్లే. ఆ సంగతి తెలిసినవాడు ఎండాకాలం నీటికి కటకటైనా పొడిగా కోయడానికి వెనకాడతాడు.

అక్కడి సిమెంటు ఫ్యాక్టరీల తీరు వేరు. 1,450 డిగ్రీల వేడిలో క్లింకర్ తయారయ్యే బట్టీని పని రాని చేతికి అప్పగించరు. గనుల్లో పనిచేసేవారికి శిక్షణ ఇవ్వాలని 1966లోనే నిబంధనలు వచ్చాయి. రేకుల షెడ్డు కింద నడిచే పాలిష్ యూనిట్‌కే ఆ అలవాటు అబ్బలేదు.

తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి ప్రభుత్వం 2024లో శ్రీకారం చుట్టింది. మెచ్చుకోవలసిందే. కానీ అక్కడ చేరేది ముఖ్యంగా చదువు ముగించుకొచ్చిన కుర్రాళ్లు. ఏళ్ల తరబడి రాయి కోస్తున్న నలభై ఏళ్ల మనిషి పని మానుకుని వికారాబాద్ వెళ్లి తరగతిలో కూర్చోగలడా? అడుగుల లెక్కన కూలి పుచ్చుకునేవాడికి నేర్చుకోవడానికి పోయిన రోజంటే కూలి పోయిన రోజే. అందుకే రానని అంటాడు. దానికి మనం పెట్టే పేరు ‘ఆసక్తి లేదు’!

పాఠమే షెడ్డు దగ్గరికి రావాలి, అతని భాషలో రావాలి. మిషన్ కొనేటప్పుడు రవాణాకెంత, బిగింపుకెంత అని లెక్క వేసుకునే యజమాని, పనివాడు నేర్చుకునే ఆ నాలుగు రోజుల కూలినీ అదే కాగితం మీద రాసుకోవాలి. మిషన్ ధర ముందు అది ఏపాటి?