ఫలితాల రోజున పిల్లలను నిందించకండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతులకు పంట తర్వాత అంత బెంగ పెట్టేది పిల్లల ఇంటర్ పరీక్షే. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం అమ్మిన డబ్బే కాలేజీ ఫీజు. చాలకపోతే అప్పు. కోదాడ బస్టాండులో పెట్టె సర్ది పిల్లలను విజయవాడకో, హైదరాబాదుకో ఎక్కించే తండ్రిని తప్పు పట్టలేం. తాము పడ్డ కష్టం పిల్లలు పడరాదన్నదే ఆయన ఆశ.

అయితే హాస్టలుకు ఫోను చేసినప్పుడల్లా ఆ అప్పును గుర్తు చేయడం ఎందుకు? 'నీ కోసం ఎకరం అమ్మాం' అన్న మాట విన్న పిల్లవాడికి పరీక్ష హాలులో ప్రశ్న కనిపించదు, ఎకరమే కనిపిస్తుంది. చేతులు వణికి, వచ్చిన జవాబు కూడా గుర్తుకు రాదు. ఇంట్లో మాత్రం వాడు చదవలేదనే అనుకుంటారు. పైగా పక్కింటి అమ్మాయి మార్కులతో పోలిక!

2019 ఏప్రిల్ 18న వెలువడిన ఇంటర్ ఫలితాలను మరిచిపోరాదు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకోవడం అత్యంత విచారకరం. మార్కుల్లో తప్పులున్నాయని ఆందోళన చెలరేగగా, తప్పినవారి జవాబు పత్రాలను ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. అందులో 1,137 మంది ఉత్తీర్ణులని తేలింది. తెలుగులో సున్నా చూపిన ఒక బాలికకు నిజంగా వచ్చినవి 99 మార్కులు. మెమోలోని అంకెను నమ్మి పిల్లలను తిట్టేవారు ఇది గమనించాలి. నిజంగా తప్పినా సంవత్సరం వృథా కాదు. కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది.

ఈ బెంగ మన ఒక్కరిదే కాదు. దక్షిణ కొరియాలో కాలేజీ ప్రవేశ పరీక్ష నాడు, ఇంగ్లీషు విని జవాబు రాసే వేళ చప్పుడు కారాదని విమానాలనే ఆపుతారు. అక్కడా పిల్లల దిగులు తీరలేదు. ఇంట్లో వినబడే మాటను ఏ ప్రభుత్వం ఆపగలదు?

ఫలితాల తర్వాత అన్నం మానేసిన, ఎవరితోనూ మాట్లాడని పిల్లలను ఒంటరిగా వదలరాదు. 2022లో ప్రారంభమైన టెలిమానస్ నంబరు 14416కు పగలైనా, రాత్రయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. హాల్ టికెట్టు ఇచ్చేటప్పుడే కాలేజీల వారు ఈ నంబరును పిల్లలకు రాసి ఇవ్వాలి. ర్యాంకుల ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో ఇది ఎన్నో వంతు?