మోకాటి దెబ్బకు తుంటిని కూడ చూడవలెను

కొన్ని సంవత్సరముల క్రిందట, సంక్రాంతి కబడ్డీ పందెములు ముగిసిన మరునాడు, ఒక తండ్రి తన కుమారుని మా గిద్దలూరు వైద్యశాలకు తీసుకొనివచ్చినాడు. "ఎవరూ పట్టుకోలేదు అయ్యగారూ. పక్కకు తిరగబోయినాడు, మోకాలిలో టప్పుమన్నదంట" అన్నాడు. మోకాలు బాగుగ ఉబ్బియున్నది. నేను తైలము మర్దించి, పట్టు వేసి పంపినాను. వాపు తగ్గినది. పిల్లవాడు తిరిగి ఆటకు దిగినాడు, మోకాలు తిరిగి మడతపడినది. స్కానింగు చేయించగా లోపలి లిగమెంటు తెగినదనీ, దానితోపాటు మెత్తని మృదులాస్థి కూడ చిరిగినదనీ తేలినది. నాటి నా తొందరపాటును నేటికిని మరువలేదు. ఈ వ్యాసమునకు అదియే కారణము.

తొడ యెముకను, క్రిందికాలి యెముకను మోకాలి లోపల ఏటవాలుగ బంధించు ఆ లిగమెంటును ఏ.సి.ఎల్. అందురు. ఇది తెగినవారిలో ఎక్కువమందికి మోకాలిపై ఎదుటివాని దెబ్బ తగిలియుండదు. పరుగులో దిశ మార్చునపుడు గాని, ఎగిరి దిగునపుడు గాని, పాదము నేలకు అంటియుండగా మోకాలు లోపలికి వాలి మెలిపడుటయే కారణము. కబడ్డీలో కూతకు పోయినవానికి ఇట్టి కదలికలు అడుగడుగున ఉండును.

గురుకులములో మా గురువుగారు సుశ్రుతసంహితలోని ఎనిమిది విధముల సంధులను మాచే వల్లె వేయించెడివారు. మోకాలు కోరసంధి, తుంటి ఉలూఖలసంధి. ఉలూఖలమనగా రోలు. రోటిలో రోకలి అన్ని వైపులకు తిరుగును. మోకాలు తలుపు బందు వంటిది, ప్రధానముగ ముడుచుటకు, చాచుటకే ఏర్పడినది. తిరుగవలసిన రోలు బిగుసుకొనినచో ఆ మెలిక బందు మీద పడును. జానుమర్మమునకు దెబ్బ తగిలినచో కుంటితనము వచ్చునని కూడ సుశ్రుతుడు హెచ్చరించినాడు.

నేటి పరిశోధనలలోను, తుంటి లోపలికి తిరుగుట తక్కువగానున్న ఆటగాండ్రలో ఈ గాయము ఎక్కువగ కనబడినది. అయితే అదొక్కటే కారణమనరాదు. తుంటి కండరముల బలహీనత, అలసట, దిగు తీరు, ఆడు నేల కూడ లెక్కకు వచ్చును. ఆడపిల్లలకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ.

పరీక్ష ఇంటనే చేయవచ్చును. పిల్లవానిని బోర్ల పరుండబెట్టి, మోకాళ్ళు రెండును చేర్చి నిలువుగ మడిపించి, పాదములను మెల్లగ వెలుపలికి వాల్చమనుడు. ఒక పాదము తక్కువగ వాలినచో ఆ వైపు తుంటి బిగిసినదని అనుమానింపవచ్చును. వెల్లకిల పరుండి, పాదములు ఎడముగనుంచి, మోకాళ్ళను ఒకదాని తరువాత ఒకటి లోపలికి వాల్చుట, ప్రక్కకు తిరిగి పరుండి పై కాలును ఎత్తి దింపుట దినదినము చేయింపవలెను. కొందరికి యెముక ఆకృతియే అడ్డుపడును. నొప్పి కలిగినచో బలవంతము పనికిరాదు. ఎగిరి దిగునపుడు మోకాలు కొంచెము వంగి, కాలివ్రేళ్ళ దిశగనే ఉండునట్లు అలవాటు చేయవలెను.

మన ఇండ్లలో పీట పోయి కుర్చీ వచ్చినది, గొంతుక్కూర్చొనుట తగ్గినది. ఏడాది పొడుగున బల్లముందు కూర్చొనిన పిల్లవానిని పండుగనాడు ఒక్కసారిగ బరిలోనికి దింపుచున్నాము. పందెములకు రెండు నెలల ముందే తుంటిని సిద్ధము చేయుట తల్లిదండ్రుల విధి, శిక్షకుల విధి.

తోటి వైద్యులకు ఒక మనవి. టప్పుమని శబ్దమై, కొద్ది గంటలలోనే ఉబ్బిన మోకాటిని మర్దించకుడు. కదలకుండ కట్టి, చల్లని కాపడము పెట్టి, యెముకల వైద్యునివద్దకు పంపుడు. పూర్తిగ తెగిన లిగమెంటును తైలము అతికింపజాలదు. ఈ మాట చెప్పుటవలన మన శాస్త్రమునకు చిన్నతనము రాదు. చెప్పకపోయినచో ఒక పిల్లవాని కాలు పోవును.