ఇంటి మనిషా, పనిమనిషా?

ఈస్టర్ పండగ దగ్గర పడింది. జర్మనీలో బళ్లకు వసంతకాలపు సెలవులిచ్చారు. చలికాలమంతా ముడుచుకున్న ఊళ్లు ఒళ్లు విరుచుకుంటున్నాయి. పెరటి కొమ్మలకు రంగులు పూసిన కోడిగుడ్లు వేలాడుతున్నాయి. ఎండ పొడ కనిపించగానే జనం కాఫీ హోటళ్ల ముందు కుర్చీల్లో చేరిపోతున్నారు. కొత్తగా వచ్చిన విదేశీ యువతికి ఇదంతా కెమెరాలో బంధించాల్సిన దృశ్యమే. కానీ ఆమె ఒక చేత్తో నాలుగేళ్ల పిల్లాణ్ని, మరో చేత్తో ఏడేళ్ల పాపను పట్టుకుని ఉంది. ఫోటో తీసేందుకు మూడో చెయ్యి లేదు.

ఇలాంటి అమ్మాయిని యూరప్‌లో 'ఓపేర్' అంటారు. అతిథిగా ఒక కుటుంబంలో ఉంటూ, వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ, తీరిక వేళల్లో ఆ దేశపు భాష నేర్చుకునే యువతి లేదా యువకుడు. ఫ్రెంచ్‌లో ఈ మాటకు 'సమాన స్థాయిలో' అని అర్థం. అంటే ఆమె నౌకరు కాదు, ఇంట్లో ఒకరు. ఆమెకు ముట్టేది కూడా జీతం కాదు, 'చేతి ఖర్చు'. ఈ ఏర్పాటుకు గల ఆకర్షణ, దానితో వచ్చే చిక్కు, రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ఆ చిక్కును యూరప్ ఎప్పుడో పసిగట్టింది. 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో యూరప్ కౌన్సిల్ ఓపేర్ల కోసమే ఒక ఒప్పందాన్ని రూపొందించింది. పని సాధారణంగా రోజుకు 5 గంటలు మించకూడదు. వారానికి కనీసం ఒక రోజు పూర్తి సెలవు ఉండాలి. భాష నేర్చుకునేందుకు తగిన సమయం దొరకాలి. దీన్ని లాంఛనంగా ఆమోదించిన దేశాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. మిగతావి ఎవరి నిబంధనలు వాళ్లే రాసుకున్నాయి. జర్మనీలో రోజుకు 6 గంటలు, వారానికి 30 గంటలు పరిమితి. నెలకు 280 యూరోల చేతి ఖర్చు, భాష క్లాసులకు 70 యూరోల దాకా సాయం, బీమా, విడి గది, భోజనం కుటుంబమే సమకూర్చాలి. కాగితం మీద చూస్తే ముచ్చటైన ఏర్పాటే.

ఆ కాగితానికి అసలు పరీక్ష వసంతకాలపు సెలవుల్లోనే మొదలవుతుంది. బడి ఉన్నన్నాళ్లూ పూటంతా పిల్లల భారం బడిది. సెలవులొస్తే ఆ భారం ఇంటికి చేరుతుంది. తల్లిదండ్రులకు ఆఫీసులు మూయరు కదా. ఉదయం ఏడున్నరకు వాళ్లు బయల్దేరి సాయంత్రం ఆరింటికి తిరిగొస్తే, ఆ మధ్య పదిన్నర గంటలూ ఓపేర్‌వే. అయిదు రోజులకు లెక్క కడితే 52 గంటల పైమాట. ఒప్పందంలోని 30 గంటలు బుధవారం సాయంత్రానికే దాటిపోతాయి. 'ఈ రెండు వారాలే కదా, సర్దుకో' అనే మాట ఎంతో మర్యాదగా వస్తుంది. ఇంట్లో మనిషి సర్దుకోక తప్పుతుందా?

విహారయాత్ర సంగతి ఇంకా సున్నితం. 'సముద్ర తీరానికి వెళుతున్నాం, నువ్వూ రా' అంటారు. పిలవడంలో ఆప్యాయత నిజమే కావచ్చు. ఇసుకలో ఆడేటప్పుడు, హోటల్ గదిలో పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు, పెద్దలిద్దరూ రాత్రి భోజనానికి బయటికెళ్లినప్పుడు ఆమె చేస్తున్నది విహారమా, పనా? ఎవరూ చెప్పరు, ఆమె అడగదు. అడగాలన్నా ఎలా? ఆమె తలదాచుకునే గది ఆ ఇంట్లోనే ఉంది. తినే తిండి ఆ వంటింటిదే. వీసా ఆ కుటుంబం పేరుతోనే వచ్చింది. వేరే కుటుంబానికి మారవచ్చు గానీ ముందు ఆ ఇల్లు దొరకాలి, అధికారులు ఒప్పుకోవాలి. యజమానితో పేచీ వస్తే సాయంత్రం ఇంటికెళ్లి తలుపేసుకునే వెసులుబాటు ఫ్యాక్టరీ కార్మికుడికి ఉంది. ఓపేర్‌కు లేదు.

అమెరికా లెక్క మరీ సూటిగా ఉంటుంది. అక్కడ 1986లో మొదలైన ఓపేర్ పథకంలో వారానికి 45 గంటల దాకా పని చేయించుకోవచ్చు. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. ఆ లెక్కన 326 డాలర్లు రావాలి. అందులో గది, భోజనం కింద 40 శాతం కోసేయగా మిగిలింది 195.75 డాలర్లు. ఏళ్ల తరబడి ఏజెన్సీలు అదే రేటుగా చూపుతూ వచ్చాయి. అతిథికి పెట్టిన అన్నానికి బిల్లు వేయడం ఏ ఇంటి ఆచారమో మరి. దీనిపై కొందరు ఓపేర్లు కొలరాడోలోని కోర్టుకెక్కారు. ఏజెన్సీలన్నీ కుమ్మక్కై వేతనాన్ని తొక్కిపట్టాయన్నది వారి ఆరోపణ. 2019లో ఏజెన్సీలు 6.55 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నాయి. అదే ఏడాది డిసెంబర్‌లో మసాచుసెట్స్ రాష్ట్ర కనీస వేతన చట్టం ఓపేర్లకూ వర్తిస్తుందని అప్పీళ్ల కోర్టు తేల్చింది. అమ్మాయిలకు హక్కుగా వేతనం వచ్చింది ఆ ఇంట్లో పనివాళ్లుగా గుర్తించిన తర్వాతే.

ఫిలిప్పీన్స్ తన యువతులు యూరప్‌కు ఓపేర్లుగా వెళ్లడాన్ని 1998లో నిషేధించింది. వేధింపుల ఫిర్యాదులే కారణం. 2012 నాటికి గానీ ఆ నిషేధం పూర్తిగా తొలగలేదు. నార్వే 2024 మార్చిలో ఏకంగా పథకాన్నే ఎత్తేసింది. సాంస్కృతిక మార్పిడి పేరుతో చౌకగా ఇంటి పని చేయించుకుంటున్నారన్న విమర్శకు అక్కడి ప్రభుత్వం చివరికి తలొగ్గింది.

అలాగని ఇదంతా మోసమేనని కొట్టిపారేయడం తప్పు. ఏడాది తిరిగేసరికి ధారాళంగా జర్మన్ మాట్లాడుతూ, అక్కడే నర్సింగ్ శిక్షణకో చదువుకో మారినవాళ్లున్నారు. పదేళ్ల తర్వాత కూడా పిల్లల పుట్టినరోజుకు ఫోన్ చేసే ఓపేర్లున్నారు. సెలవుల్లో అదనంగా చేసిన గంటలకు తర్వాత విశ్రాంతి ఇచ్చే కుటుంబాలున్నాయి. తేడా మంచితనంలో మాత్రమే లేదు. గంటలు కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్న ఇంట్లో మంచితనం కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

విదేశాలకు దారి వెతికే మన అమ్మాయిలకూ ఈ మార్గం తెరిచే ఉంది. కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలియాలి. జర్మనీ ఓపేర్ వీసాకు దరఖాస్తు చేసేనాటికి 27 ఏళ్లు నిండకూడదు. ప్రాథమిక స్థాయి జర్మన్ రావాలి. కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఏడాది ఉండాలి. 'సెలవుల్లో రెండు వారాలు టూరిస్టు వీసాపై వెళ్లి పిల్లల్ని చూసుకో, ఖర్చులు పోను చేతికింత మిగులుతుంది' అని ఎవరైనా ఊరిస్తే అది చట్టవిరుద్ధమైన పని. పట్టుబడితే తిరిగి పంపేది కుటుంబాన్ని కాదు, అమ్మాయిని.

ఇదే పనికి మనకు తెలిసిన మరో దారీ ఉంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లు చేసేదీ పిల్లల్ని పెంచడమే, ఇల్లు చూసుకోవడమే. వాళ్లను అక్కడ 'కద్దామా' అంటారు. చదువు తక్కువై ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలన్నది భారత ప్రభుత్వ నిబంధన. లేత వయసు వాళ్లను నాలుగు గోడల మధ్యకు పంపడం ప్రమాదమని దాని ఉద్దేశం. ఓపేర్‌కేమో లేత వయసే అర్హత. ఒకరిది పొట్టకూటి వలస, మరొకరిది సాంస్కృతిక అనుభవం. ఉయ్యాల ఊపే చేతికి మాత్రం ఆ తేడా తెలియదు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఏప్రిల్ చివర్లో మన బళ్లు మూస్తారు. పిల్లలు ఇంటి పట్టున ఉంటారు. ఇంట్లో పనికున్న అమ్మాయికి పని రెట్టింపవుతుంది, జీతం కాదు. ఊటీకో కొడైకెనాల్‌కో వెళితే చంటివాణ్ని ఎత్తుకోవడానికి ఆమెనూ తీసుకెళతారు. హోటల్లో అందరూ తింటుంటే ఆమె బిడ్డను భుజాన వేసుకుని బల్ల పక్కన నిలబడుతుంది. 'మా ఇంటి మనిషిలాంటిదే' అని పరిచయం చేస్తారు. ఇంటి పనివారి గౌరవప్రదమైన పని కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెచ్చిన ఒడంబడికకు అనుకూలంగా ఓటేసిన భారత్ దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. వారికోసం ప్రత్యేక చట్టం గురించి ఆలోచించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

అందుకే కూతుర్ని ఓపేర్‌గా పంపే తల్లిదండ్రులు ఆ విదేశీ కుటుంబాన్ని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బడి సెలవుల్లో మా అమ్మాయి ఎన్ని గంటలు పని చేయాలి? ఆమెకు ఏ రోజు సెలవు? మీతో ఊరికొస్తే అది పనా, విహారమా? ఆమె పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? జవాబులు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ తర్వాత అవే ప్రశ్నలు తమ వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మాయి తల్లిదండ్రులు వచ్చి అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకోవాలి.